కావలివాని ఫలము

లోకమున మానవుడు చేయు పనులు రెండు విధములుగా కనబడుచున్నవి. మొదటి విధమైన పనిలో లేనిది క్రొత్తగా పుట్టును. కుమ్మరి కుండను చేయును. సాలెవాడు వస్త్రమును నేయును. రైతు పంటను పండించును. రెండవ విధమైన పనిలో క్రొత్తగా పుట్టునది ఏదియు లేదు. రానున్న కీడు రాకుండుటయే దాని ఫలము. వానకాలపు రాత్రి చెరువుగట్టుపై లాంతరు పట్టుకొని తిరుగువాడు, జొన్నచేనిలో మంచెపై కూర్చుండి పిట్టలను తోలువాడు, జ్వరపడిన బిడ్డ ప్రక్కన తెల్లవార్లు మేలుకొనియుండు తల్లి ఈ కోవలోనివారే. గట్టు నిలిచినచో ఆ రాత్రి ఊరిలో ఎవరికిని మెలకువ రాదు. మరునాడు ఆ కావలివానిని పిలిచి, నిన్న గట్టు తెగలేదు గదా యని మెచ్చుకొనువాడు ఉండడు. తెగినచో మాత్రము వాని పేరు ఊరంతయు మారుమ్రోగును.

ఇట్టి పని చేయువాని విషయమున ఒక ధర్మసందేహము పుట్టుచున్నది. కంటికి కనబడు ఫలము లేని పనిలో ఆయుస్సు గడపినవానికి ఆ జీవితము నిండైనదేనా? అందులోను, అతడు తన వృత్తిలో శిఖరమును చేరక, నడిమి మెట్లపైననే ఊరూరు తిరిగి ఏండ్లకేండ్లు శ్రమించినచో, ఆ శ్రమకు సార్థకత ఎక్కడ నున్నది? ఫలమందే సార్థకత యున్నదని చెప్పినచో లోకములో ఎక్కువమంది బ్రదుకులు వ్యర్థములని ఒప్పుకొనవలసి వచ్చును. ఫలముతో పనియే లేదని చెప్పినచో ఆ మాట వినుటకు ఉదాత్తముగా నుండును గాని, పని చేయువాని గుండెను తాకదు. కావున ఈ సందేహమును ఒక మనుష్యుని చరిత్రను ముందుంచుకొని విచారించుట మేలు. ఆ మనుష్యుడు ఋషి కాడు, రాజు కాడు. ఇంగ్లండు దేశమున ఫుట్‌బాల్ ఆడి జీవించిన ఒక వృత్తి ఆటగాడు. అతని పేరు గ్రాహమ్ అలెగ్జాండర్.

ఆట తెలియని పాఠకుల కొరకు కొన్ని మాటలు ముందుగా చెప్పవలసియున్నది. ఫుట్‌బాల్‌లో జట్టుకు 11 మంది. మైదానమునకు రెండు కొనలయందును 24 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు గల ద్వారములుండును. ఎదుటివారి ద్వారములోనికి బంతిని పంపినచో అది గోలు. 90 నిమిషములలో ఎక్కువ గోల్స్ చేసినవారిది గెలుపు. ముందు నిలిచి గోల్స్ చేయువారు ఫార్వర్డులు. తమ ద్వారమునకు ముందు నిలిచి ఎదుటివారిని అడ్డుకొనువారు డిఫెండర్లు. ద్వారమునందే నిలిచి చేతులతో బంతిని పట్టువాడు గోల్‌కీపరు. అలెగ్జాండర్ ప్రధానముగా కుడివైపు డిఫెండరు. కొంతకాలము ఆ రక్షకశ్రేణికి కొంచెము ముందుగా, మైదానపు నడుమను కూడ ఆడెను.

డిఫెండరు పని బహు విచిత్రమైనది. గోలు చేసినవాని పేరు, చేసిన నిమిషము మ్యాచి వివరములలో వ్రాయబడును. మరునాడు పత్రికలలో అచ్చగును. గోలు కానీయక ఆపినవాని పేరు వ్రాయుటకు ఆ పట్టికలో గడి లేదు. ఒక్క గోలైనను ఇవ్వక ఆట ముగిసినచో ఆ ఘనత సాధారణముగా గోల్‌కీపరు లెక్కలో పడును. డిఫెండరు కాలికి తగిలి బంతి పొరబాటున స్వంత ద్వారములోనికి పోయినచో మాత్రము ఆ గోలు అతని పేరనే నమోదగును. బాగుగా చేసినపుడు పేరు రాదు. తప్పినపుడు పేరు తప్పదు.

ఇంతకంటె సూక్ష్మమైన సంగతి ఇంకొకటి యున్నది. నేలపై జారి ప్రత్యర్థి కాళ్ళ నడుమనుండి బంతిని తన్నివేయు డిఫెండరును చూచి జనులు చప్పట్లు కొట్టుదురు. ఆట నెరిగినవారు మెచ్చునది వేరొకటి. బంతి ఎచ్చటికి రానున్నదో ముందే గ్రహించి, రెండడుగులు జరిగి నిలిచినవానికి జారవలసిన అవసరమే పడదు. అతడు అచ్చట నిలిచియుండుట చూచి ఎదుటివాడు బంతిని వేరొక వైపునకు పంపును. అపాయము పుట్టకమునుపే అణగిపోయినది. చూచువారికి అచ్చట ఏమియు జరుగనట్లే యుండును. నైపుణ్యము పెరిగినకొలది పని కంటికి కనబడకపోవుట ఈ వృత్తి స్వభావము.

ఇంగ్లండులో ఈ ఆటకు వేతనము తీసికొనుటకు 1885లో అనుమతి లభించెను. 1888లో 12 క్లబ్బులు కలిసి ఫుట్‌బాల్ లీగును స్థాపించినవి. లాంకషైర్ సీమలోని ప్రెస్టన్, బర్న్‌లీ పట్టణముల క్లబ్బులు ఆ పండ్రెండింటిలోనివే. కాలక్రమమున ఆ లీగు నాలుగు అంతస్తుల మేడవలె పెరిగినది. 1992లో పై అంతస్తు ప్రీమియర్ లీగు అను పేర వేరుపడినది. నాలుగు అంతస్తులలో కలిపి 92 క్లబ్బులున్నవి. ప్రతి సంవత్సరమును అడుగున నిలిచినవి ఒక మెట్టు దిగును. పైన నిలిచినవి ఒక మెట్టు ఎక్కును. ఎక్కుటకు మిగిలిన చివరి చోటు కొరకు తరువాతి స్థానములలోని కొన్ని క్లబ్బులు ప్లే ఆఫ్ అను పోటీలో తలపడును. వానిలో ఎక్కునది ఒకటియే.

పై అంతస్తులో ఆడువారి పేర్లు దేశదేశములకు తెలియును. ధనమును అక్కడనే యున్నది. క్రింది అంతస్తులలోనివారు చిన్న పట్టణములలో, వానలో, చలిలో, కొన్ని వేలమంది యెదుట ఆడుదురు. ఒప్పందము ముగిసినచో వేరొక ఊరు, క్రొత్త యిల్లు, పిల్లలకు క్రొత్త పాఠశాల. మోకాలు దెబ్బతిన్నచో ఆ వృత్తియే ముగియును. ఆటను నమ్ముకొని బ్రదుకువారిలో ఇట్టివారే అధికసంఖ్యాకులు. మేడకు శిఖరము కనబడును. బరువు మోయునవి క్రింది గోడలు.

అలెగ్జాండర్ 1971 అక్టోబరులో కోవెంట్రీ నగరమున జన్మించెను. ఉక్కు కర్మాగారములకు పేరుగన్న స్కంథార్ప్ పట్టణపు క్లబ్బులో వృత్తిజీవితమును ఆరంభించెను. అది నాలుగింటిలో అడుగు అంతస్తు. 1992లో ఆ క్లబ్బు ప్లే ఆఫ్ ఫైనలు వరకు వచ్చి, లండనులోని వెంబ్లీ మైదానమున బ్లాక్‌పూల్ చేతిలో పెనాల్టీ కిక్కులతో ఓడిపోయెను. 1995లో అతడు లూటన్ క్లబ్బునకు మారెను. అది అప్పుడు రెండవ అంతస్తులో నున్నది. ఒక్కసారిగా రెండు మెట్లు ఎక్కినట్లయినది. కాని మరుసటి సంవత్సరమే, 1996లో, ఆ క్లబ్బు తన డివిజనులో కట్టకడపట నిలిచి మూడవ అంతస్తునకు దిగెను. జట్టు దిగినచో దానితో ఆటగాడును దిగవలసినదే.

1999 మార్చిలో అతడు ప్రెస్టన్‌కు వచ్చెను. 1888-89లో, లీగు మొదటి సంవత్సరముననే, ఒక్క మ్యాచియు ఓడక విజేతయైన క్లబ్బు అది. ఆ వైభవము ఏనాటిదో. అతడు వచ్చునాటికి అది మూడవ అంతస్తులో నున్నది. 1999-2000లో ప్రథమ స్థానమునందుకొని రెండవ అంతస్తునకు ఎక్కెను. అటుపిమ్మట పై అంతస్తు వాకిలి కనుచూపు మేరలోనికి వచ్చినది. 2001లో ఆ క్లబ్బు ప్లే ఆఫ్ ఫైనలుకు వచ్చి బోల్టన్ చేతిలో 3-0తో ఓడెను. 2005లో మరల ఫైనలుకు వచ్చి వెస్ట్ హామ్ చేతిలో 1-0తో ఓడెను. 2006లో సెమీఫైనలులోనే లీడ్స్ చేతిలో ఓడెను. ఆరు సీజన్లలో మూడుమార్లు తలుపు తట్టినను అది తెరచుకొనలేదు. ప్రతి ఓటమి తరువాతను ఆగస్టు మాసము వచ్చును; క్రొత్త సీజను మొదలగును; పట్టికలో అందరి లెక్కయు సున్న నుండియే ఆరంభమగును. అలెగ్జాండర్ మరల తన కుడివైపున వచ్చి నిలుచుండెను.

వంశసంబంధముచేత స్కాట్లండు దేశపు జట్టులో ఆడుటకు అతనికి అర్హత యుండెను. ఆ పిలుపు 2002లో, 30 ఏండ్ల వయస్సున వచ్చినది. 2009 వరకు ఆ దేశము పక్షమున 40 మ్యాచులు ఆడెను. వానిలో ఒకటి 2007 సెప్టెంబరులో పారిస్ నగరమున జరిగినది. అంతకు ముందటి సంవత్సరమే ప్రపంచకప్ ఫైనలు ఆడిన ఫ్రాన్సు జట్టును స్కాట్లండు 1-0తో ఓడించినది. దూరమునుండి ఆ గోలు కొట్టిన జేమ్స్ మెక్‌ఫాడెన్ పేరు చిరకాలము నిలిచినది. ఫ్రాన్సు లెక్కలో ఆ రాత్రి సున్న వ్రాయబడుటకు శ్రమించిన రక్షకులలో, ఎడమవైపున నిలిచినవాడు అలెగ్జాండర్. సున్నకు కర్తను ఎవరు వెదకుదురు? ఆ సంవత్సరమే నవంబరులో స్కాట్లండు స్వదేశమున ఇటలీ చేతిలో ఓడి, 2008 యూరప్ పోటీలకు అర్హతను పోగొట్టుకొన్నది. అతడు ఆడిన ఆ యేడేండ్లలో స్కాట్లండు ఏ మహాపోటీకిని అర్హత పొందలేదు.

2007 ఆగస్టు చివర, అతని 36వ ఏట, ప్రెస్టన్ క్లబ్బు అతనిని బర్న్‌లీకి అమ్మినది. ఎనిమిది సంవత్సరములు పనిచేసిన చోటినుండి పొరుగున నున్న పాత ప్రత్యర్థి యింటికి పోవలసి వచ్చినది. ఆ వయస్సున డిఫెండర్లలో పెక్కురు ఆట మానివేయుదురు. బర్న్‌లీ నూలుమిల్లులతో పెరిగిన చిన్న పట్టణము. 1976 తరువాత దాని క్లబ్బు పై అంతస్తు ముఖము చూడలేదు. 2009 జనవరిలో లీగ్ కప్ సెమీఫైనలున టోటెన్‌హామ్ అను పై అంతస్తు క్లబ్బుపై మొదటి మ్యాచి 4-1తో ఓడి, రెండవ మ్యాచిలో 90 నిమిషములకు మూడు గోల్స్ చేసి లెక్కను సమము చేసినది. అదనపు సమయము ముగియుటకు రెండు నిమిషములున్నదనగా ప్రత్యర్థులు గోలు చేసిరి. మరల ఇంకొకటి చేసిరి. ఫైనలు అందినట్లే అంది చేజారినది. అంతటి దెబ్బ తిన్న జట్టు ఆ యేటి లీగులో కుప్పకూలలేదు. ఐదవ స్థానమున నిలిచి ప్లే ఆఫ్ చేరినది.

మే మాసమున రెడింగ్ క్లబ్బుతో జరిగిన సెమీఫైనలు మొదటి మ్యాచిలో 84వ నిమిషమున బర్న్‌లీకి పెనాల్టీ లభించినది. పెనాల్టీ అనగా ద్వారమునకు 12 గజముల దూరమున బంతిని నిలిపి, గోల్‌కీపరు తప్ప అడ్డు లేకుండ ఒక్క తాపు తన్నుట. అది సులభమని చూచువారు తలతురు. తప్పినచో మాత్రము క్షమింపరు. ఆ బంతిని తన్నినవాడు అలెగ్జాండర్, అది గోలైనది. రక్షకుడైనను అతడు వృత్తిజీవితమున వందకు పైగా గోల్స్ చేసెను; వానిలో అధికభాగము పెనాల్టీలే. మే 25న వెంబ్లీలో జరిగిన ఫైనలున 13వ నిమిషమున వేడ్ ఎలియట్ దూరమునుండి కొట్టిన గోలుతో బర్న్‌లీ షెఫీల్డ్ యునైటెడ్‌ను 1-0తో గెలిచినది. 33 ఏండ్ల తరువాత ఆ పట్టణము పై అంతస్తు చేరినది. 2009 ఆగస్టు 15న స్టోక్ నగరమున అలెగ్జాండర్ ప్రీమియర్ లీగులో తొలి మ్యాచి ఆడెను. అప్పటికి అతనికి 37 ఏండ్లు. గోల్‌కీపరు కాని ఆటగాళ్ళలో అంత వయస్సున ఆ లీగులో తొలి మ్యాచి ఆడినవాడు అంతకు ముందు లేడు.

ఇచ్చట కథను ఆపినచో నీతి తేలికగా దొరకును. ఓపిక పట్టినవానికి ఫలము తప్పక కలుగునని చెప్పి ముగింపవచ్చును. పిల్లలకు ఇట్లే చెప్పుచుందురు. ఇదియే పూర్వపక్షము. వినుటకు ఇంపైనను ఈ వాదము విచారణకు నిలువదు.

మొదట, ఆ ఫలమును తెచ్చినది ఒకని ఓపిక కాదు. ఎలియట్ కొట్టిన బంతి జానెడు ప్రక్కకు పోయినచో బర్న్‌లీ ఓడియుండవచ్చును. స్కంథార్ప్‌లో, లూటన్‌లో, ప్రెస్టన్‌లో వానలో తడిసి చేసిన పదునెనిమిదేండ్ల పనికి అర్థమున్నదో లేదో 2009లో ఇంకొకని కాలి తాకిడి నిర్ణయించునా? అట్లయినచో ఏ మనుష్యుడును తన పని సార్థకమా వ్యర్థమా యని పని చేయునపుడు తెలిసికొనజాలడు. ఏనాడో రానున్న తీర్పు కొరకు తన బ్రదుకును కుదువ పెట్టుకొని కూర్చుండవలసినదే. ధర్మమునకు అట్టి పరాధీనత తగదు.

రెండవది, ఆ ఫలము నిలిచినదియు కాదు. స్టోక్‌లో తొలి మ్యాచి 2-0తో ఓటమి. నాలుగు దినములకు నాటి విజేతయైన మాంచెస్టర్ యునైటెడ్‌ను బర్న్‌లీ 1-0తో ఓడించి పట్టణమును పండుగ చేసినది. అయినను సంవత్సరాంతమునకు 20 క్లబ్బులలో 18వ స్థానమున నిలిచి, 2010లో మరల క్రిందికి దిగెను. పదునెనిమిదేండ్లు ఎదురుచూచిన మేడపై అతడు నిలిచినది ఒక్క సంవత్సరము.

మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. అంత ఓపికయు కలిగి, ఆ ఒక్క సంవత్సరమైనను దక్కనివాడు ఒకడున్నాడు. అతని పేరు టోనీ ఫోర్డ్. 1959లో పుట్టి, 1975లో 16 ఏండ్ల వయస్సున గ్రిమ్స్‌బీ క్లబ్బులో ఆట మొదలిడెను. మొదట అంచున పరుగెత్తి ముందుకు సాగు ఆటగాడు. తరువాత వయస్సు పైబడగా కుడివైపు డిఫెండరు. స్టోక్, వెస్ట్ బ్రామిచ్, స్కంథార్ప్, మాన్స్‌ఫీల్డ్, రోచ్‌డేల్ మున్నగు క్లబ్బులలో తిరిగి, 2001లో 42 ఏండ్ల వయస్సున విరమించెను. లీగు మ్యాచులే 931 ఆడెను. ఇంగ్లండు ఆటలో గోల్‌కీపర్లను విడిచినచో అన్నియు కలిపి వెయ్యి మ్యాచులు ఆడిన మొదటివాడు ఫోర్డ్. అలెగ్జాండర్ 2011 ఏప్రిల్‌లో ఆ లెక్కను చేరి రెండవవాడయ్యెను. ఆ యిరువురును 1994-95లో స్కంథార్ప్‌లో ఒకే జట్టులో ఉండిరి. ఒకడు వృత్తిలో పండినవాడు, ఇంకొకడు ఇరువది రెండు మూడేండ్ల యువకుడు. ఆ యిద్దరిలో చిన్నవానికి ఏనాడో ఒకనాడు పై అంతస్తు తలుపు తెరచుకొన్నది. పెద్దవాడు 26 ఏండ్లు ఆడియు ఆ అంతస్తులో ఒక్క లీగు మ్యాచియైన ఆడలేదు.

ఇప్పుడు పూర్వపక్షి సమాధానము చెప్పవలెను. అలెగ్జాండర్ ఓపిక సార్థకమైనదని చెప్పి, ఫోర్డ్ ఓపిక వ్యర్థమని చెప్పునా? ఇద్దరి పరిశ్రమయు ఒకటియే. ఇద్దరును అవే మైదానములపై, అదే చలిలో, అదే విధముగా నిలిచిరి. ఒకని ఫలము వేరగుటచే వాని పని వేరగునని చెప్పుట, ఒకే విత్తనమును రెండు చేలలో చల్లి, వాన పడిన చేనివాడే రైతు, పడనివాడు రైతు కాడని చెప్పినట్లుండును.

ఇచ్చట వేరొక ఆక్షేపము రావచ్చును. వీరు జీతము తీసికొని ఆడినవారు. జీతమునకు చేసిన పనిలో గొప్ప యేమున్నది యని. జీతము మనుష్యుని మైదానమునకు రప్పింపగలదు. అంతవరకే దాని శక్తి. మూడు గోల్స్ వెనుకబడి, గెలుపు ఆశ అణగారి, జనులు లేచి యిండ్లకు పోవుచున్న సమయమున, నాలుగవ గోలు పడకుండ ఉన్న ఊపిరినంతయు పట్టి వెనుకకు పరుగెత్తుటకు జీతములో ప్రత్యేకముగా ఒక రూకయు చేర్పబడలేదు. ఆ పరుగు మానినను ఎవరును జీతమును కోయరు. చేసినను మానినను ఒకే రీతిగా నుండు ఆ చోటనే మనుష్యుని స్వభావము బయటపడును. వంటవాడు, గుమాస్తా, ఉపాధ్యాయుడు అందరును జీతగాండ్రే. చూచువాడు లేనపుడు చేయి ఎట్లు కదలునో అది జీతపు పత్రములో వ్రాసియుండదు.

ఆట ఒక వినోదమే గదా, దానిలో ధర్మవిచారమేమి యనువారును ఉందురు. ఆటలో ఓడినచో ప్రాణము పోదు, నిజమే. కాని గట్టు కాచువానికిని, ద్వారము కాచు ఆటగానికిని మనస్సులో అలవడవలసిన గుణము ఒక్కటియే. అది ఇంతసేపు ఏమియు జరుగలేదు గదా యని ఏమరక, రాబోవు క్షణమునకు సిద్ధముగా నుండుట. ఒక్క మ్యాచిలో ఆ మెలకువను చూపుట ఎవనికైనను సాధ్యము. వెయ్యి మ్యాచులలో చూపుట తపస్సువంటిది.

అట్లయినచో వీరికి కోరిక లేదా? కోరిక లేదనుట అసత్యమగును. గెలువవలెనను కోరిక లేనివాడు ఆ వృత్తిలో ఒక్క దినమైనను నిలువలేడు. ఇచ్చటనే నిష్కామకర్మను గూర్చి లోకములో నున్న ఒక అపోహను తొలగింపవలసియున్నది. కోరికయే పుట్టని మనస్సు రాతివంటిది. దాని ప్రశాంతికి విలువ యేమి? కోరిక పుట్టి, బలముగా నిలిచి, అది తీరనినాడు కూడ పనిచేయు చేయి సడలకుండుటయే గృహస్థునికి సాధ్యమైన నిష్కామము. ఫైనలు ఓడిన రాత్రి దుఃఖింపవద్దని ఏ ధర్మమును చెప్పదు. ఆగస్టు వచ్చినపుడు తన చోటికి వచ్చి నిలువవలెనని మాత్రము చెప్పును.

రామాయణమున జటాయువు కథ అందరికిని తెలిసినదే. వృద్ధుడైన ఆ పక్షిరాజు సీతాదేవిని రక్షింపబూని రావణునితో పోరాడెను, రెక్కలు తెగి నేలకూలెను, అపహరణము ఆగలేదు. ఫలమునుబట్టి చూచినచో అతడు ఓడిన కావలివాడు. శ్రీరామచంద్రుడు వచ్చినపుడు, అడ్డుకొనలేకపోతివేమని అడుగలేదు. కన్నతండ్రికి చేయవలసిన అంత్యక్రియలను ఆ పక్షికి తన చేతులతో చేసెను. ఆదికావ్యము ఆ గౌరవమును గెలిచినవానికి గాక నిలిచినవానికి ఇచ్చినది. ఆటగానిని జటాయువుతో పోల్చుట ఇచ్చటి ఉద్దేశము కాదు. కావలిని కొలుచు కొలబద్ద ఏదియో చూపుటకే ఆ ప్రసక్తి.

అలెగ్జాండర్ కథలో ఇంక కొంత మిగిలియున్నది. 2011లో అతడు మరల ప్రెస్టన్ చేరెను. ఆ క్లబ్బు అప్పటికి మూడవ అంతస్తునకు దిగియుండెను. 2012 ఏప్రిల్ 28న, 40 ఏండ్ల వయస్సున, చార్ల్‌టన్ జట్టుపై తన చివరి మ్యాచిలో నడుమ ప్రవేశించి, ఆట ముగియు క్షణములలో దొరికిన ఫ్రీ కిక్కును గోలుగా మలచి, మ్యాచిని 2-2తో సమము చేసెను. వృత్తిజీవితమున అతని కాలు తాకిన చివరి బంతులలో అది ఒకటి. ముచ్చటైన ముగింపే. కాని దానిని కూడ బహుమానముగా ఎంచి నీతిని మరల అక్కడ వ్రేలాడదీయరాదు. ఆ బంతి గోడవలె నిలిచినవారికి తగిలి ఎగిరిపోయినను, అంతకు ముందటి వెయ్యి మ్యాచులలో ఒక్కటియు తరిగియుండెడిది కాదు. తరువాత అతడు శిక్షకుడై 2014లో ఫ్లీట్‌వుడ్, 2019లో సాల్ఫర్డ్, 2025లో బ్రాడ్‌ఫర్డ్ క్లబ్బులను ఒక్కొక్క మెట్టు ఎక్కించెను. ఆ క్లబ్బులన్నియు క్రింది అంతస్తులలోనివే. తాను ఏ మెట్లపై నడచెనో ఆ మెట్లపైననే ఇతరులను నడిపించుట అతని వంతైనది.

సిద్ధాంతము ఇది. రక్షణ యను పనికి ఫలము వేరుగా ఎక్కడనో లేదు. గట్టు నిలిచిన ఆ రాత్రియే దాని ఫలము. ఊరు నిద్రించిన ఆ నిద్రయే దాని ఫలము. అది అప్పటికప్పుడే పూర్తియైనది. తరువాత వచ్చు కీర్తి దానికి ఏమియు కలుపదు, రాని కీర్తి దానినుండి ఏమియు తీయదు. టోనీ ఫోర్డ్ జీవితము ఈ కొలతచే నిండైనదే. అలెగ్జాండర్ జీవితము 2009కి ముందే నిండైనది.

ఇది కావలివాడు తెలిసికొనవలసిన సంగతి. కావలిలో సుఖించువారు తెలిసికొనవలసినది వేరొకటి యున్నది. ఫలము కనబడని పనికి పేరు పెట్టి పిలువవలసిన ఋణము వారిది. యాత్రకు పోయి దైవదర్శనము చేసికొని తిరిగివచ్చినవాడు గోపురమును, అలంకారమును, ప్రసాదమును వర్ణించి చెప్పును. ఎండలో కూర్చుండి తన చెప్పులను చూచినవాని ముఖము అతనికి జ్ఞాపకముండదు. చెప్పులు పోయినచో మాత్రము ఆ ముఖమును జన్మలో మరువడు. ఇంటిలోను ఇంతే. పాలు పొంగిపోకుండ చూచినది ఎవరు, రాత్రి తలుపు గడియ వేసినదా లేదా యని లేచి చూచినది ఎవరు, అప్పు పెరుగకుండ మాసములు నడిపినది ఎవరు అని ఏ యింటిలోను లెక్క వ్రాయరు. వానికి గడి లేదు. ఆ గడి లేని పట్టికను చూచి, అందులో ఎవరి పేరు ఉండవలసినదో ఒక్కమారైనను తలచుకొన్నవాడు కృతజ్ఞుడు. తలచుకొనువాడు లేకున్నను మరునాటి రాత్రి లాంతరు వెలిగించి గట్టుమీదికి పోవువాడు ధన్యుడు.